చెఱువుపని యెన్నడు ముగియును?
అంచనాకాగితమున వ్రాయవలసిన యేడు పద్దులు



ఒక గ్రామమున చెఱువు బాగుచేయు పని జరుగును. కట్టపై మట్టి పోసి దిమ్మిసతో కొట్టుదురు. తూమునకు క్రొత్త తలుపు పెట్టుదురు. అలుగునకు సిమెంటు పూయుదురు. పని ముగిసినదని కొలతపుస్తకములో వ్రాసి, కంట్రాక్టరునకు బిల్లు చెల్లించి, రాతిఫలకము నొకదానిని నాటి యందఱును ఇండ్లకు పోవుదురు. మూడు వానకాలములు గడచిన పిమ్మట ఆ కట్టపై నడచి చూచిన యెడల, సర్కారుతుమ్మ తలయెత్తి యుండును. తూము తలుపు త్రుప్పుపట్టి కదలకుండును. వరదకాలువ పూడిపోగా దానిలో నెవరో జొన్న విత్తి యుందురు. మరల అర్జీ, మరల అంచనా, మరల ఫలకము. సొమ్ము రెండు మారులు వ్యయమాయెను. చెఱువు ఒక్క మారైనను నిండుగా పాఱలేదు.

ఇట్టిచోట దోషమును పనివారి చేతిలో వెదకుట మనకు వాడుక. అది కొన్ని యెడల నిజమే కావచ్చును. కాని తఱచుగా దోషము అంచనాకాగితములోనే యుండును. మట్టి యెన్ని ఘనపు మీటర్లు, రాయి యెంత, సిమెంటు యెన్ని బస్తాలు, కూలి యెంత యనునవి అన్నియు ఆ కాగితమున పైసలతో సహా వ్రాసి యుండును. ఈ చెఱువునకు నీరెంత వచ్చును, ఆ నీరు ఎన్ని యెకరములకు చాలును, పూడిక మరల నెన్నేండ్లకు తీయవలెను, తూము మరకు చమురు ఎవరు పూయుదురు, ఆ ఖర్చు ఏ సొమ్మునుండి వచ్చును అనునవి మాత్రము వ్రాసియుండవు. వ్రాయని పనిని చేయువాడు లేడు. వ్రాయని ఖర్చునకు సొమ్ము లేదు.

నేటి పథకముల కాగితములలో 'సుస్థిరత' యను మాట విరివిగా కనబడుచున్నది. సేద్యగానికి దాని యర్థము క్రొత్తది కాదు. విత్తుగింజలను వండుకొని తినకుండుటయే సుస్థిరత. పని చేయించినవారు వెళ్ళిపోయిన తరువాతను పని నిలిచి యుండవలెను. నేటి పంట కొఱకు ఱేపటి నీటిని, నేలను తినివేయరాదు. ఈ సంగతిని పథకము చివర నొక మంచిమాటగా చేర్చుటవలన ప్రయోజనము లేదు. అంచనాలో నొక పద్దుగాను, నొక గడువుగాను, బాధ్యత వహించు మనుష్యుని పేరుగాను వ్రాసిననాడే అది పనిలో భాగమగును. ఈ వ్యాసమున చెప్పదలచినది ఇంతమాత్రమే.

సహకార సంఘమునకు చెఱువుతో నేమి పని యని కొందఱు శంకింపవచ్చును. మన సంఘము ఇచ్చు అప్పు పంటను నమ్ముకొని యున్నది. పంట నీటిని నమ్ముకొని యున్నది. చెఱువు చెడిన యేడు ఆయకట్టు రైతు వాయిదా చెల్లింపజాలడు. వాయిదాలు మీఱిన సంఘము మఱుసటియేడు విత్తనములకును ఎరువులకును అప్పీయజాలదు. కావున తూము తలుపునకు పట్టిన త్రుప్పు కడకు సంఘపు పద్దులకే పట్టును.

పెద్దల లెక్క

ఈ యాలోచన క్రొత్తది కాదనుటకు మనసీమలోనే రాతి సాక్ష్యము కలదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో నొక పెద్ద చెఱువు ఉన్నది. విజయనగరపు బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు దానిని కట్టించి, 1369వ సంవత్సరమున సంస్కృతభాషలో నొక శాసనము వేయించెను. రెండు సంవత్సరములు దినమునకు వేయిమంది కూలివాండ్రు పని చేసిరనియు, రాయి తోలుటకు నూఱు బండ్లు నడచెననియు అందు చెప్పబడినది. అది ఆ కాలపు పని లెక్క. కాని శాసనము అంతటితో ఆగలేదు. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు కావలెననియు, చెఱువునకు ఆఱు దోషములు కలవనియు వరుసగా లెక్కించినది.

సాధనములలో నీటిశాస్త్ర మెఱిగిన పండితుడు కలడు. పని నేర్చిన కూలివాండ్ర జట్టు కలదు. గట్టి జిగటనేల, తీయని నీటి యేఱు, కొండల నడుమ మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, సమీపముననే మంచి రాయి దొరకు గని, దిగువను సమముగా నుండి ఫలించు పొలములు కలవు. అనగా డబ్బుతోబాటు విద్య, నేల, నీరు, రాయి, మనుష్యులు అన్నియు ముందుగా చూచుకొనవలెనని భావము.

దోషముల పట్టిక మనకు ఇంకను ముఖ్యమైనది. కట్టనుండి నీరు ఊరుట మొదటిది. చవుడునేల రెండవది. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మూడవది. చెఱువు నడుమ తాబేటివీపువలె మిట్ట యుండుట నాల్గవది. నీరు కొంచెమై, పాఱవలసిన భూమి విస్తారమగుట అయిదవది. నీరు విస్తారమై, భూమి కొంచెమగుట ఆఱవది. కడపటి రెండు దోషములను చిత్తగింపుడు. వచ్చు నీటికిని, సాగగు భూమికిని తూకము కుదురనిచో, కట్ట యెంత గట్టిదైనను చెఱువు చెడ్డదే యని ఆఱువందల యేండ్లకు పూర్వమే నిర్ణయించిరి. సరిహద్దు దోషమును గూడ తేలికగా తలపరాదు. నీరు వచ్చు కాలువ ఒక యూరిది, చెఱువు మఱియొక యూరిది యైనచోట నేటికిని తగవు తప్పుట లేదు. కట్ట తెగుటకు ముందే మాట తెగును.

పోషణ యెట్లు తప్పిపోయినది

కట్టుట యొక యెత్తు. కాపాడుట మఱియొక యెత్తు. రాయలసీమలో దశబంధ మాన్యములను పేరు పెద్దలకు తెలిసినదే. చెఱువు కట్టినవారికి, లేదా బాగుచేయుటకు పూనుకొన్నవారికి, దానిని పోషించుచుండవలెనను షరతుతో ఇచ్చిన మాన్యములవి. నీరుగంటికి ప్రతి కళ్ళమునందును మేర కలదు. తెలంగాణమున ఆ పని చేయువానిని నీరడి యందురు. కట్టను చూచుట, తూము తెఱచుట, వంతు ప్రకారము మడికి నీరు పెట్టుట ఆతని పని. అనగా పోషణకు భూమియు, ధాన్యమును, మనుష్యుడును ముందే యేర్పడి యుండిరి.

ఆ యేర్పాటంతయు ధర్మబద్ధమైనదని మురిసిపోనక్కఱలేదు. కట్టపై మట్టి మోయువారికి ఆయకట్టున సెంటు భూమి లేకుండుట నాడును కలదు. మాన్యము తినుచు చెఱువును విడిచిన వారును కలరు. కాని ఆ యేర్పాటునుండి ఒక్క సంగతి గ్రహింపదగినది: చెఱువు ఖర్చు చెఱువు పంటనుండియే, ఏటేట, ఎవరిని అడుగకయే వచ్చుచుండెను. కాలక్రమమున చెఱువులు ప్రభుత్వశాఖల క్రిందికి వచ్చినవి. ఆంధ్ర ప్రాంతమున 1956వ సంవత్సరపు చట్టముచే ఇనాములు రద్దయి రైతువారీ పట్టాలుగా మాఱినవి. అది న్యాయమైన సంస్కారమే. అయితే మాన్యముతోబాటు దానిని అంటియున్న పోషణభారము ఎవరి భుజముపై పడవలెనో గ్రామమున తేలలేదు.

1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టము వచ్చెను. ఆ యేడే పదివేలకు పైగా నీటివినియోగదారుల సంఘము లేర్పడెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము 'మిషన్ కాకతీయ' యను పేర దాదాపు 46 వేల చెఱువుల పునరుద్ధరణమునకు పూనుకొని, పూడికమట్టిని రైతుల పొలములకు తోలించెను. ఈ పనులవలన చట్టమును వచ్చినది, సొమ్మును వచ్చినది. ఇక మిగిలినది పనియైన మఱునాటి సంగతి. అది గ్రామము తానే వ్రాసికొనవలసిన పద్దు.

ఏడు పద్దులు

మొదటిది నీటిలెక్క. అంచనాలో మట్టికంటె ముందుగా దీనిని వ్రాయవలెను. ఒక హెక్టారు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన 10 ఘనపు మీటర్ల నీరగును. ఈ యొక్క సూత్రము తెలిసిన రైతు తన చెఱువు లెక్కను తానే చూచుకొనగలడు. ఉదాహరణమునకు, నిండినపుడు 3 లక్షల ఘనపు మీటర్ల నీరు పట్టి, 20 హెక్టార్ల మేర పఱచుకొను చెఱువు నొకదానిని తీసికొందము. దినమునకు 5 మిల్లీమీటర్లు ఎండకు ఆవిరి యైనచో, 100 దినములలో అర మీటరు నీరు పోవును. అనగా 20 హెక్టార్లపై 1 లక్ష ఘనపు మీటర్లు. నీరు తగ్గినకొలది విస్తీర్ణము తగ్గుననుట నిజమే. కాని ఇంకుడును కాలువల నష్టమును కలిపిన ఆ లెక్క సరిపోవును. మిగిలినది 2 లక్షలు.

రబీలో వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టినచో ఎకరమునకు 4,850 ఘనపు మీటర్లు కావలెను. ఆ 2 లక్షలు 41 ఎకరములకు మాత్రమే చాలును. వేరుసెనగకు 500 మిల్లీమీటర్లు పెట్టినచో, అదే నీరు సుమారు 98 ఎకరములకు చాలును. ఆయకట్టు 100 ఎకరములని కాగితమున నుండగా, అందఱును వరి నాటిన యెడల 59 ఎకరములవారు ఎండిన మడిని చూచుకొనవలసినదే. వారు ఎల్లపుడును కాలువ చివర నున్నవారే యగుదురు. కట్టను ఎంత బాగుచేసినను ఈ తగవు తీఱదు. పంటల నిర్ణయమును గూడ పనిలో భాగముగా వ్రాసికొనిననే తీఱును.

రెండవది వరదకాలువ. చెఱువు చెడుట సాధారణముగా చెఱువులో మొదలుకాదు, పైన మొదలగును. పరీవాహపు మిట్టలపై చెట్టు పోయిన, మట్టి దిగును. వరదకాలువను దున్నుకొన్న, నీరు దారి తప్పును. మన యుదాహరణపు చెఱువునకే ఏటికొక సెంటీమీటరు పూడిక చేరినదనుకొందము. 20 హెక్టార్లపై అది 2,000 ఘనపు మీటర్లు. 30 ఏండ్లలో 60,000. అనగా చెఱువులో అయిదవ వంతు మాయమగును. ట్రాక్టరు ట్రక్కునకు 3 ఘనపు మీటర్ల చొప్పున ఏటి పూడికను ఏటేట తీయుటకు 670 ట్రక్కులు చాలును. ముప్పది యేండ్లు ఊరకుండిన 20,000 ట్రక్కులు కావలెను. పైన రాళ్ళకట్టలు, గడ్డిగట్లు, చెట్లు పెంచిన ఆ సెంటీమీటరే తగ్గును. కావున కాలువ మొదటినుండి చెఱువువఱకు నడచి హద్దులు కొలిపించి, రాళ్ళు నాటించు ఖర్చు అంచనాలో నుండవలెను. కాలువ పై యూరి పొలములలో నున్న యెడల, ఆ యూరి పెద్దలతో పని మొదలిడకమునుపే వ్రాతపూర్వకమైన యొడంబడిక చేసికొనవలెను.

మూడవది పూడికమట్టి పోవుచోటు. తీసిన మట్టిని కట్టప్రక్కనే కుప్ప పోసినచో తొలి వానకే మరల చెఱువులోనికి చేరును. జిగటగల నల్లని పూడిక ఎఱ్ఱచెల్కలకును, ఇసుకపాటి నేలలకును మేలు చేయును, తేమను నిలుపును. ఇదివఱకే బరువుగా నున్న నల్లరేగడికి దానివలన లాభము స్వల్పము. చవుడు కలదేమో భూసార పరీక్షకు పంపి తెలిసికొనకుండ తోలరాదు. ఎవరి పొలమునకు ఎన్ని ట్రక్కులో ముందే జాబితా వ్రాయవలెను. ట్రాక్టరు లేని చిన్నరైతు పేరు ఆ జాబితాలో మొదట నుండుట మేలు. త్రవ్వుటలో రెండు జాగ్రత్తలు. కట్ట మొదట త్రవ్వరాదు. కట్ట బలము పోవును. అడుగున గట్టి జిగటపొరను చీల్చి ఇసుకవఱకు పోరాదు, నీరు నిలువదు. తూము అడుగుమట్టమునకు దిగువను నిలుచు నీరు కాలువకు ఎక్కదని కూడ గుర్తుంచుకొనవలెను. అది పశువులకును, బావుల యూటకును మాత్రమే పనికివచ్చును.

నాల్గవది కట్ట, అలుగు, తూము. వీని పోషణ పెద్దపని కాదు. తప్పక చేయవలసిన చిన్నపని. కట్టపై మొక్కను మొక్కగా నున్నపుడే పీకవలెను. మ్రానైన తరువాత కొట్టినచో, వేళ్ళు లోపల క్రుళ్ళి నీటికి గొట్టములగును. ఎండ్రకాయల బొరియలను, పందికొక్కుల బొరియలను వానకు ముందే జిగటమట్టితో మూసి దిమ్మిస కొట్టవలెను. ఎక్కువ నీరు నిలుపవచ్చునను ఆశతో అలుగుపై రాళ్ళు, ఇసుకబస్తాలు పేర్చుట మహాదోషము. అలుగు చెఱువునకు ప్రాణరక్షకము. దానిని మూసిన నీరు కట్టమీదుగా దారి వెదకికొనును. చేపలు పోకుండ వలలును తడికలును అడ్డము కట్టినపుడు చెత్త చేరి ఆ యపాయమే కలుగును.

ఇది కేవలము చిన్నచెఱువుల మాట కాదు. 2021 నవంబరు 19న, అప్పటి కడప జిల్లాలోని రాజంపేట ప్రాంతమున, చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగిపోయెను. దిగువ గ్రామములలో అనేకులు ప్రాణములు కోలుపోయిరి. ఇండ్లును, పశువులును, పొలములును ఇసుకపాలయ్యెను. వచ్చిన వరద ఆ కట్టడము మోయగలిగినదానికంటె చాల హెచ్చు. అట్టి దినముననే దాని అయిదు గేట్లలో నొకటి పనిచేయు స్థితిలో లేదు. కొద్దిగంటలలో కుండపోతగా కురియు వానలు ఇటీవలి కాలమున పెరుగుచున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పాత లెక్కలతో కట్టిన అలుగులు నేటి వరదకు చాలునా యని ఇంజనీరుచే మరల చూపించుట అంచనాలో నొక భాగము కావలెను.

అయిదవది పోషణనిధి. పది లక్షల రూపాయలతో చెఱువును బాగుచేసితిమనుకొందము. నూటికి రెండు చొప్పున ఏటి పోషణకు 20 వేలు కావలెను. ఆయకట్టు 100 ఎకరములైన, ఎకరమునకు ఏటికి 200 రూపాయలు. ఇది శాస్త్రవచనము కాదు. ఏ చెఱువునకు ఆ చెఱువే లెక్క వేసికొనవలెను. ఆ సొమ్మును పంట అమ్మినపుడు వసూలు చేసి, సంఘములో వేఱు ఖాతాగా నుంచవలెను. చేపల పాటవలన వచ్చు ఆదాయమున కొంతభాగము ఈ ఖాతాకు చేర్చుట న్యాయము. చెఱువు సొమ్ము చెఱువునకే యనునది నియమముగా నుండవలెను. ఉత్సవములకును, విందులకును ఆ ఖాతాను ముట్టరాదు.

ఆఱవది మనుష్యులు. నీరుగంటి యెవరు? ఆతనికి జీత మెంత? ఆతనిపై అధికార మెవరిది? పేరు వ్రాయవలెను. నిర్ణయసభకు ఎవరిని పిలువవలెనో గూడ వ్రాయవలెను. తూము మొదటనున్న రైతులతో మాత్రమే సభ జరిపిన, తీర్మానము సులభముగా నెగ్గును. అమలు మాత్రము జరుగదు. కాలువ చివరి రైతు, చేపలు పట్టువాడు, గొఱ్ఱెలు మేపువాడు, బట్టలుతుకు రజకుడు, నాట్లకును కలుపులకును పోవు స్త్రీలు, చెఱువు లోతట్టున సాగుచేసికొను బీదవాడు — వీరందఱకు చెఱువుతో సంబంధము కలదు. చేపలవానికి వేసవిలో కొంత నీరు మిగులవలెను. రైతునకు కడపటి తడి కావలెను. లోతట్టున విత్తినవాడు చెఱువు నిండకుండవలెనని కోరును. ఈ తగవులను పని ముందు కూర్చుండి తీర్చుకొనినచో మాటలతో పోవును. పని తరువాతనైన గడ్డపాఱలతో పోవును.

ఏడవది కొలతయు, పుస్తకమును. తూమువద్ద రంగు గీతలు వేసిన నీటికొలబద్ద యొకటి, పాఠశాలలోనో సంఘపు మేడపైననో వర్షమాపక మొకటి, ఆయకట్టున నాలుగు బావుల లోతు కొలుచుటకు త్రాడొకటి — ఇవి యేమంత ఖరీదైనవి కావు. వానపడిన ప్రతి ఉదయమును వానను, పక్షమునకొకమారు బావులను, వారమునకొకమారు చెఱువును కొలిచి వ్రాయవలెను. ఆ అంకెలను సంఘపు గోడపై అందఱు చదువునట్లు సున్నముతో వ్రాయవలెను.

రైతులు కొలువగలరా యని సందేహింపవలదు. 2003లో మొదలిడిన భూగర్భజలముల రైతు యాజమాన్య పథకమున అనంతపురము, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ యను ఏడు కఱవుజిల్లాల రైతులు ఈ పనిని తామే చేసిరి. స్త్రీలును అందు పాల్గొనిరి. వానయెంత, బావిలో నీరెంత లోతున నున్నది, తోడినది యెంత యని కొలిచి, రబీకి ముందు ఊరందఱును కూడి, ఉన్న నీటికి ఏ పంట లెన్ని యెకరములు తగునో లెక్క చూచుకొనిరి. ఏ పంట వేయవలెనని ఎవరిని బలవంతపెట్టలేదు. లెక్క కన్నులయెదుట నుండగా ఎవరి నిర్ణయము వారే చేసికొనిరి. ఆ పథకమునకు బయటి సహాయము కలదు. సహాయము ఆగిన నాడు కొలతలను సాగించువా రెవరను ప్రశ్న అక్కడను తప్పలేదు. కావుననే వర్షమాపకము కొను ఖర్చుతోబాటు, దానిని చూచువాని చిన్నజీతమును గూడ మొదటినాడే వ్రాయుమని చెప్పుచున్నాము.

పని నడచునప్పుడు

పద్దులు వ్రాసినంతనే పని కాలేదు. పని నడచు నాలుగు మెట్టులలోను వానిని చూచుకొనుచుండవలెను. మొదటి మెట్టు అంచనా. అది ఇంజనీరు వ్రాయునదే యైనను, గ్రామసభలో తెలుగున చదివి వినిపింపవలెను. ఏడు పద్దులలో ఏది లేకున్నను అక్కడనే అడుగవలెను. రెండవ మెట్టు పని జరుగుకాలము. ఇద్దఱు ముగ్గురు రైతులు వంతులవారీగా నిలిచి, మట్టిని పొరలు పొరలుగా పోసి నీరు చల్లి దిమ్మిస కొట్టుచున్నారా, లేక ఒక్కమారుగా కుమ్మరించుచున్నారా యని చూడవలెను. పొడిమట్టిని కుప్పగా పోసిన కట్ట మొదటి నిండుకే క్రుంగును.

మూడవ మెట్టు అప్పగింత. రంగులు, ఫలకము చూచి సంతకము చేయరాదు. తూము తలుపును పదిమారులు ఎత్తి దించి చూడవలెను. తాళపుచెవి, పటము, కొలతలు, మర చెడినపుడు దొరకు విడిభాగముల పేర్లు — వీనిని పుస్తకముతో సహా పుచ్చుకొనవలెను. నాల్గవ మెట్టును మనము తఱచుగా మఱచుచున్నాము: అది ఒక వానకాలము గడచిన పిమ్మట జరుపవలసిన పరీక్ష. కంట్రాక్టరు ఒడంబడికలలో లోపములు సవరించు గడువు సాధారణముగా నుండును. ఆ గడువు తేదీని సంఘపు గోడపై వ్రాసియుంచుకొని, అది తీఱకమునుపే కట్టను నడచి చూచి, ఊటలను, పగుళ్ళను లిఖితమూలకముగా తెలుపవలెను. గడువు తీఱిన మఱునాడు వ్రాసిన అర్జీ వట్టి కాగితము.

ఏటి క్రమమును కార్తెల ననుసరించి పెట్టుకొనుట మనకు సులభము. రోహిణికార్తెలో వరదకాలువ, కట్టపై మొక్కలు, తూము చమురు. మృగశిర మొదలుకొని వానకొలత. వానలు బలపడినపుడు రాత్రింబవళ్ళు అలుగు కావలి. స్వాతికార్తె నాటికి నీటిలెక్క చూచి రబీ పంటల నిర్ణయము. పంట యమ్మినపుడు పోషణనిధి వసూలు. వేసవిలో పూడిక. ఈ యాఱు పనులును తప్పకున్న, చెఱువు కొఱకు పెద్ద అర్జీ వ్రాయవలసిన యవసరము చాలకాలమువఱకు రాదు.

కొన్ని ఆక్షేపణలు

'చెఱువు ప్రభుత్వముది, మేమేల భరింపవలెను?' అని కొందఱందురు. పెద్దపనుల ఖర్చు ప్రభుత్వమే భరింపవలెననుట న్యాయమే. దానిని అడుగుటకు మనకు హక్కు కలదు. కాని మొక్క పీకుటకును, బొరియ మూయుటకును పైనుండి మంజూరు వచ్చునాటికి మొక్క మ్రానగును, బొరియ గండియగును. తెగిన కట్టక్రింద మునుగు మడి ప్రభుత్వముది కాదు.

'ఇన్ని పద్దులు వ్రాసిన అంచనా పెరిగి, పని మంజూరు కాదు' అని మఱికొంద ఱందురు. అట్లయిన రెండు చెఱువులను సగము సగము చేయుటకంటె నొక చెఱువును నిండుగా చేయుట మేలు. ఒక చేయి సున్నము తగ్గించుకొని ఆ సొమ్ముతో హద్దురాళ్ళు నాటించుట మేలు.

'బోరులుండగా చెఱువేల?' అను ఆక్షేపణ నేడు మిక్కిలిగా వినబడుచున్నది. బోరునకు నీరు ఆకాశమునుండి నేరుగా దిగదు. చెఱువు నిండిన యేడు దిగువ బావులలో నీరు పైకి వచ్చుటను, ఎండిన యేడు ఒక్కొక్క బోరును లోతు చేయించుకొనుచు రైతులు అప్పులపాలగుటను కన్నులార చూచుచునే యున్నాము. బోరు ఒక్కని సొత్తుగా కనబడును. దానిలోని నీరు ఊరందఱిది. చెఱువు ఆ యూరి నీటికి ఉమ్మడి గాదె.

సర్వసభ్యసభలో చేయవలసినది

రాబోవు సభలో ప్రతి సంఘమును ఈ క్రింది తీర్మానమును తమ తమ యనుకూలము ననుసరించి మార్చుకొని చేయుట యుచితమని మా సూచన. చెఱువు పనియే గాక, గిడ్డంగి కట్టుట, ఎత్తిపోతల మోటారు పెట్టుట మున్నగు ఏ యుమ్మడి పనికైనను ఇది వర్తించును:

'మన గ్రామమున జరుగు ఏ యుమ్మడి పని యంచనాలోనైనను ఏటి పోషణ ఖర్చు, ఆ సొమ్ము వచ్చు మార్గము, బాధ్యుని పేరు, నీటిపైనను నేలపైనను ఆ పనివలన కలుగు మార్పు, దానిని కొలుచు విధము — ఈ యయిదును వ్రాసియుండనిచో సంఘము దానికి సమ్మతి తెలుపదు. పని యప్పగించిన పిమ్మట ఒక వానకాలము గడచి, మరల పరీక్షించి, సర్వసభ్యసభలో నివేదిక చదువువఱకు ఆ పని ముగిసినట్లు లెక్కింపబడదు.'

తీర్మానము చేయుటకు నొక గంట పట్టును. దానికంటె ముందు చేయదగిన పని యొకటి కలదు. రానున్న ఆదివారమున సంఘపు కార్యవర్గమును, నీరుగంటియు, కాలువ చివరి రైతు లిద్దఱును కలిసి, వరదకాలువ మొదటినుండి అలుగువఱకు నడువుడు. చేతిలో నొక నోటుపుస్తకము నుంచుకొనుడు. ఎక్కడ కాలువ సన్నగిలినది, ఎక్కడ కట్ట క్రుంగినది, తూము ఎన్ని చుట్లకు లేచుచున్నది వ్రాసికొనుడు. అంచనాలోని మొదటి పుట అదియే.